‘ఇప్పటికే ఉంది’ అని ఎవరు చెప్పాలి?

సాయంత్రం ఆరున్నర. మాదాపూర్‌లో ఆఫీసు కింద క్యాబ్‌లు వరస కట్టే వేళ. మా టీమ్‌లో కొత్తగా చేరిన నల్గొండ కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకుని నా డెస్క్ దగ్గరికొచ్చాడు.

“అన్నా, ఒక్కసారి ఇది చూడు. ఒకటే పేరుతోటి రెండుసార్లు క్రియేట్ కొట్టిన. ఫైల్‌కి ఎర్రర్ ఇస్తుంది, టేబుల్‌కి ఇస్తలేదు. రెండిట్లో ఎక్స్‌క్లూజివ్ ట్రూ అనే పెట్టిన.”

“పేరులో అక్షరం ఏదో తేడా ఉండుంటుంది” అన్నాను. లేదు. మేం పనిచేసేది ఆఫీసులోనే రాసుకున్న ఒక స్టోరేజ్ ఇంజన్ మీద, అంటే డేటాని డిస్కు మీద దాచి, తిరిగి తీసిచ్చే డేటాబేస్ అడుగు భాగం మీద. టేబుల్, ఇండెక్స్ (టేబుల్లో త్వరగా వెతకడానికి కట్టే సూచిక), ఫైల్ ఏది కావాలన్నా ఒకే క్రియేట్ ఫంక్షన్. క్యాబ్ వదిలేసి చిన్న టెస్టు రాశాం: ఒక్కో రకాన్ని రెండేసిసార్లు సృష్టించు, రెండోసారి వచ్చిన జవాబు ప్రింట్ చెయ్యి. ఫైల్‌కి 17. ఇండెక్స్‌కి 17. అదే ఇండెక్స్‌ని ఇంకో సెషన్ చదువుతుండగా అడిగితే 16. టేబుల్‌కి 0.

లైనక్స్‌లో 17 అంటే ‘ఇప్పటికే ఉంది’. 16 అంటే ‘ఇప్పుడు ఖాళీ లేదు, బిజీ’. 0 అంటే ‘నువ్వు చెప్పిన పని అయింది’. ఒకే ప్రశ్నకి మూడు జవాబులు. వీటిలో మూడోది అబద్ధం.

ఎక్స్‌క్లూజివ్ క్రియేట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. పండగ ముందు రోజు ఎంజీబీఎస్‌కి వెళ్లినవాళ్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. బస్సు ప్లాట్‌ఫామ్ మీదికి ఇంకా పూర్తిగా రాకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, కండువాలు, ఒక్కోసారి పిల్లలు కూడా లోపల పడతారు. మర్యాదస్తుడు మాత్రం కిటికీలోంచి చూసి, ఫలానా సీటు ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, చుట్టూ తిరిగి తలుపు దగ్గరికొచ్చి, ఎక్కి, నడుచుకుంటూ వెళ్లేసరికి అక్కడ ఇంకొకాయన చెప్పులు విప్పేసి కూర్చునుంటాడు. చూసినప్పుడు ఖాళీగా ఉన్నమాట నిజమే. చూడటానికీ కూర్చోవడానికీ మధ్య అర నిమిషం గడిచిందన్నదీ నిజమే. కర్చీఫ్ వేసినవాడికి ఆ అర నిమిషం లేదు. ఖాళీగా ఉంటేనే పడుతుంది, పడిందంటే నాది. చూడటం, పట్టుకోవడం ఒకే చర్య.

ప్రోగ్రాముల్లో ఈ అర నిమిషం మైక్రోసెకన్లలో ఉంటుంది. అయినా అందులో దూరేవాడు దూరుతూనే ఉంటాడు. ‘ఫైల్ ఉందా?’ అని ఒక కాల్, ‘లేకపోతే సృష్టించు’ అని ఇంకో కాల్ రాస్తే, రెండు ప్రాసెస్‌లు ఒకేసారి లేదనే జవాబు విని, రెండూ సృష్టించి, రెండూ తామే మొదటివాళ్లం అనుకుంటాయి. అందుకే యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఓపెన్ కాల్‌కి క్రియేట్, ఎక్స్‌క్లూజివ్ అనే రెండు ఫ్లాగులు కలిపి ఇస్తాం. లేకపోతే సృష్టిస్తుంది, ఉంటే 17 తిప్పికొడుతుంది. మధ్యలో ఇంకెవరూ దూరకుండా చూసుకునే బాధ్యత కెర్నల్‌ది, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయది. ఆ పేరు మీద సింబాలిక్ లింక్ (ఇంకో ఫైల్‌కి దారి చూపే పేరు) ఉన్నా, అది ఎక్కడికీ పోని లింక్ అయినా సరే, 17 అనే అంటుంది. ఇక్కడో చిన్న ముచ్చట: ఆ క్రియేట్ ఫ్లాగ్ స్పెల్లింగ్‌లో చివరి ‘ఇ’ అక్షరం లేదు. యూనిక్స్‌ని మళ్లీ మొదటినుంచి రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఇ’ చేరుస్తానన్నాడట యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్.

నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్‌ఎఫ్‌ఎస్)లో, అంటే ఇంకో మెషీన్ మీది ఫైళ్లని మనవాటిలా వాడుకునే చోట, ఈ హామీ చాలాకాలం సరిగ్గా ఉండేది కాదు. ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్, లైనక్స్ 2.6 కెర్నల్ లేదా ఆపైవి ఉంటేనే నమ్మండని మాన్యువల్ పేజీలోనే రాసి ఉంటుంది. అంతకుముందువాళ్లు ఎవరికీ లేని పేరుతో ఒక ఫైల్ చేసి, దానికి అసలు పేరుతో హార్డ్ లింక్ (అదే ఫైల్‌కి రెండో పేరు) కట్టి, లింకుల లెక్క 2 అయిందో లేదో చూసుకునేవాళ్లు.

ఒక్క ఫైల్ వరకూ లెక్క తేలిపోయింది. మరి డేటాబేస్ ఇంజన్ ఎక్కడ తడబడుతుంది? టేబుల్ అనేది ఒక్క ఫైల్ కాకపోవడం దగ్గర.

వైర్డ్‌టైగర్‌నే తీసుకోండి. 2014 చివర్లో మాంగోడీబీ అనే డేటాబేస్ కంపెనీ కొనుక్కున్న స్టోరేజ్ ఇంజన్ అది. మాంగోడీబీ 3.0లో ఐచ్ఛికంగా వచ్చి, 3.2 నుంచి డీఫాల్ట్ అయింది. అందులో ఒక టేబుల్ సృష్టించమంటే టేబుల్ పేరుతో ఒక ఎంట్రీ, దాని కింద కాలమ్ గ్రూప్ (కాలమ్‌ల కట్ట) పేరుతో ఒకటి, దాని కింద ఫైల్ పేరుతో ఇంకొకటి మెటాడేటాలో, అంటే ఏమేం ఉన్నాయో రాసుకునే జాబితాలో, పడతాయి. ఆ మెటాడేటా కూడా డబ్ల్యూటీ ఎక్స్‌టెన్షన్ ఉన్న మరో ఫైలే. దాని వివరం దాచుకోవడానికి తాబేలు పేరుతో ఇంకో చిన్న ఫైల్. ఇవన్నీ అయ్యాక డిస్కు మీద అసలు డేటా ఫైల్. పైగా ఎవరైనా ఆ టేబుల్‌ని తెరిచి ఉంటే మెమరీలో దాని హ్యాండిల్, అంటే తెరిచినదాన్ని పట్టుకునే పిడి, ఒకటి.

అంటే ‘ఉందా?’ అని అడగడానికి కనీసం మూడు చోట్లున్నాయి. మళ్లీ బస్సులోకే వెళ్తే, మెటాడేటా అంటే కండక్టర్ చేతిలో రిజర్వేషన్ చార్ట్, డిస్కు మీది ఫైల్ అంటే సీటు మీద కర్చీఫ్, మెమరీలో హ్యాండిల్ అంటే సీట్లో మనిషి. ఈ మూడూ ఎప్పుడూ ఒకే మాట చెప్తాయనుకుంటే మీరు పండగ బస్సు ఎక్కలేదన్నమాట. చార్ట్‌లో పేరుంటుంది, మనిషి రాడు. కర్చీఫ్ ఉంటుంది, వేసినవాడు వేరే బస్సులో వెళ్లిపోయుంటాడు. మనిషి ఉంటాడు, చార్ట్‌లో పేరుండదు.

చార్ట్‌లో లేదు, డిస్కు మీద మాత్రం అదే పేరుతో ఫైల్ ఉంది అనే పరిస్థితి ఊహించి చెప్పేది కాదు. క్రియేట్ సగంలో ఉండగా కరెంటు పోతే అదే మిగులుతుంది. వైర్డ్‌టైగర్ అలాంటప్పుడు పాత ఫైల్‌ని చెరపదు, ఎర్రరూ ఇవ్వదు. పాతదాని పేరు చివర ఒక అంకె తగిలించి పక్కకి జరిపి, అనుకోని ఫైల్ కనిపించిందని లాగ్‌లో ఒక మాట రాసి, కొత్తది సృష్టిస్తుంది. చార్టే ప్రమాణం, కర్చీఫ్ కాదు అన్నది దాని లెక్క. ఆ లెక్క నాకు నచ్చుతుంది. ఎవరూ చదవని లాగ్‌లో రాయడమే నచ్చదు.

లెక్క సరిగ్గా తేల్చుకోకపోతే ఏమవుతుందో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ పాత వెర్షన్లు నడిపినవాళ్లకి అనుభవమే. 5.7 వరకూ టేబుల్ నిర్వచనం రెండు చోట్ల ఉండేది. పైన సర్వర్ చదివే ఫ్రమ్ (.frm) ఫైల్ ఒకటి, కింద దాని స్టోరేజ్ ఇంజన్ ఇన్నోడీబీ సొంత డిక్షనరీ ఒకటి. ఎవరైనా పొరపాటున ఫ్రమ్ ఫైల్ చెరిపేస్తే, సెలెక్ట్ కొట్టినప్పుడు 1146, అలాంటి టేబుల్ లేదు. సరే లేదు కదా అని క్రియేట్ కొడితే, ఇప్పటికే ఉంది. లేదన్నది పైవాడు, ఉందన్నది కిందవాడు. మధ్యలో డేటాబేస్ బాగోగులు చూసే రాత్రి డ్యూటీ డీబీఏ. 2018లో వచ్చిన 8.0లో ఫ్రమ్ ఫైళ్లు తీసేసి, డిక్షనరీని ఒకే ట్రాన్సాక్షనల్ (జరిగితే మొత్తం, లేకపోతే ఏదీ జరగని) చోటికి తెచ్చాక ఈ గోల చాలామటుకు పోయింది.

ఇంకో చిక్కు మాటలోనే ఉంది. ఎక్స్‌క్లూజివ్ అనే పదాన్ని స్టోరేజ్ ఇంజన్ రాసేవాళ్లు రెండు అర్థాల్లో వాడతారు. క్రియేట్ దగ్గర దానర్థం ‘కొత్తదైతేనే’. లాక్ దగ్గర దానర్థం ‘నేనొక్కణ్నే’. మొదటిది పేరు గురించి, రెండోది ప్రవేశం గురించి. మొదటిది కుదరకపోతే 17 రావాలి, రెండోది కుదరకపోతే 16. వైర్డ్‌టైగర్‌లో కర్సర్ (డేటాని చదువుతూ పోయే వేలు లాంటిది) తెరిచి ఉన్న టేబుల్‌ని డ్రాప్ చెయ్యబోతే, అంటే తీసెయ్యబోతే, వచ్చే బిజీ ఎర్రర్ ఈ రెండో రకమే. మా ఇండెక్స్ కోడ్ రాసిన పుణ్యాత్ముడు, పేరు ఉందో లేదో చూడకుండానే హ్యాండిల్ మీద ‘నేనొక్కణ్నే’ లాక్ అడిగాడు. ఎవరూ చదవకపోతే లాక్ దొరికి, తర్వాత పేరు చూసి, 17. ఎవరైనా చదువుతుంటే లాక్ దగ్గరే ఆగి 16. ఒక కొత్త వస్తువుని సృష్టించమంటే ‘బిజీగా ఉంది’ అని జవాబు రావడం, ఇంకా కట్టని ఇంటికి వెళ్లి తలుపు కొడితే ‘స్నానం చేస్తున్నారు’ అన్నట్టు ఉంటుంది.

ఇది చూడ్డానికి చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, పిలిచే కోడ్ దృష్టిలో రెండూ పూర్తిగా వేరు. 17 వస్తే ఆగిపోవాలి. 16 వస్తే కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం మారని చోట 16 ఇస్తే, పాపం ఆ ప్రోగ్రామ్ తిరుగుతూనే ఉంటుంది.

ఇక 0 సంగతి. టేబుల్ కోడ్ తెరిచి చూస్తే తప్పు కళ్లకి కట్టినట్టు కనిపించింది. టేబుల్ స్థాయిలో ఉన్న ఫంక్షన్ తనంతట తాను పేరు వెతకడంలేదు. ఎలాగూ కింద ఫైల్ స్థాయిలో వెతుకుతారు కదా అని. కింద ఫైల్ స్థాయి ఫంక్షన్ వెతుకుతోంది, ఉందని కనుక్కుంటోంది కూడా. కానీ పైనుంచి వచ్చిన కాన్ఫిగరేషన్ స్ట్రింగ్‌లో, అంటే ఆప్షన్ల చీటీలో, ఎక్స్‌క్లూజివ్ అనే ముక్క లేదు. టేబుల్‌కి సంబంధించిన ఆప్షన్లని వడగట్టి మిగతావి కిందికి పంపే చోట అది ఆగిపోయింది. ముక్క లేదు కాబట్టి డీఫాల్ట్: ఉంటే ఉండనీ, తప్పులేదు, 0. ఆ తర్వాత టేబుల్ ఎంట్రీని మెటాడేటాలో ‘ఇన్సర్ట్’ చెయ్యాల్సింది పోయి ‘అప్‌డేట్’ చేస్తున్నారు. అది కూడా పాతదాని మీదే తిరగరాసి, 0. కిందవాడు చూస్తాడని పైవాడు, పైవాడు చూసే పంపాడని కిందవాడు.

మా వాడు వెంటనే సరిచేశాడు. వడగట్టే చోట ఎక్స్‌క్లూజివ్‌ని కూడా కిందికి వదిలాడు, ఒక్క లైను. టెస్టు పాసయింది. ‘అయిపోయిందన్నా, టీ తాగుదామా’ అన్నాడు.

కాలేదు. ప్రాసెస్‌ని మధ్యలో చంపే టెస్టు ఒకటి ఉంది మా దగ్గర. అది నడిపితే ఫైల్ ఎంట్రీ పడింది, టేబుల్ ఎంట్రీ పడేలోపు ప్రాసెస్ పోయింది. మళ్లీ లేచాక టేబుల్ తెరవబోతే ‘లేదు’. ఎక్స్‌క్లూజివ్‌గా సృష్టించబోతే, కింద మిగిలిపోయిన ఫైల్ ఎంట్రీని చూసి 17, ‘ఉంది’. లేని టేబుల్, సృష్టించడానికి వీల్లేని టేబుల్. మైఎస్‌క్యూఎల్‌ని చూసి నవ్వుకున్నది మా ఇంట్లోనే మొలిచింది.

రెండో ప్రయత్నం నాది. కింద ఏమున్నా పట్టించుకోవద్దు, చివర్లో టేబుల్ ఎంట్రీని ‘ఇన్సర్ట్’గా మారుద్దాం, ఆ పేరు ఉంటే అదే విఫలమవుతుంది, అప్పుడు 17 ఇచ్చి, అప్పటిదాకా చేసినవన్నీ వెనక్కి తీసేద్దాం. చదవడానికి ముచ్చటగా ఉంది కదా. నడిపాను. రెండోసారి క్రియేట్ కొట్టగానే సరిగ్గా 17 వచ్చింది. ఆ తర్వాత మొదటి టేబుల్ తెరిస్తే డేటా ఫైల్ లేదు.

ఏమైందో అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టింది, ఒంట్లో చలి పుట్టడానికి అంతసేపు పట్టలేదు. రెండో క్రియేట్ మొదటి మెట్టులో ‘ఫైల్ సృష్టించు’ అంది. ఫైల్ ఆల్రెడీ ఉంది, 0 వచ్చింది. నా కోడ్ ఆ 0ని ‘నేను సృష్టించాను’ అని చదువుకుంది. చివరి మెట్టులో పేరు ఢీకొని విఫలమయ్యాక, ‘నేను సృష్టించిన’ ఫైల్‌ని శ్రద్ధగా చెరిపేసింది. అది పాత టేబుల్ ఫైల్. టెస్టు డేటా కాబట్టి సరిపోయింది.

ఈ ఒక్క తప్పు కోసమే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి. ‘ఉంటే సరే’ అనే పద్ధతిలో వచ్చే 0కి రెండు అర్థాలున్నాయి: ‘నేను చేశాను’, ‘ముందే ఉంది’. పిలిచినవాడికి తేడా తెలీదు. తేడా తెలీనప్పుడు వెనక్కి తియ్యడం అనేది దొంగతనంతో సమానం, తనది కానిదాన్ని తీసుకెళ్లిపోతుంది. ఎర్రర్ వచ్చినప్పుడు నడిచే దారిని మనం రాయడమైతే రాస్తాం గానీ, ఎన్నిసార్లు నడిపి చూస్తాం?

మూడోసారి కాస్త నిదానంగా ఆలోచించాం. ముందు స్కీమా లాక్ తీసుకోవాలి, అంటే ఒకేసారి ఇద్దరు సృష్టించే పనిలో ఉండకూడదు. లాక్ చేతిలో ఉండగానే, అడిగిన పేరు ఏ స్థాయిలోదో ఆ స్థాయిలోనే మెటాడేటాని అడగాలి. టేబుల్ అడిగితే టేబుల్ ఎంట్రీ, ఇండెక్స్ అడిగితే ఇండెక్స్ ఎంట్రీ. హ్యాండిల్ లాక్ జోలికి పోకముందే అడగాలి. ఉంటే అక్కడే 17 ఇచ్చి తిరిగి రావాలి, ఇంకేదీ ముట్టుకోకూడదు. లేకపోతేనే కిందికి దిగాలి. కింద స్థాయి ఫంక్షన్ ‘నేను చేశాను’, ‘ముందే ఉంది’ అని విడివిడిగా చెప్పాలి. వెనక్కి తీసేటప్పుడు మొదటి రకాన్నే తియ్యాలి. మూడు ఎంట్రీలూ ఒకే మెటాడేటా ట్రాన్సాక్షన్‌లో పడాలి, పడితే మూడూ, లేకపోతే ఏదీ వద్దు. అప్పుడు సగం పుట్టిన టేబుల్ అనే జీవి ఉండదు. మిగిలితే డిస్కు మీద అనాథ ఫైల్ ఒక్కటే మిగులుతుంది.

ఎక్స్‌క్లూజివ్ కాని క్రియేట్ గురించి కూడా ఒక మాట. ఉంటే ఊరుకో అనే పద్ధతిలో అసలు ప్రశ్న, ఉన్నది మనం అడిగినలాంటిదేనా అని. పేరు ఒకటే, కీ ఫార్మాట్ వేరు అయితే? వైర్డ్‌టైగర్ మాన్యువల్లో ఒకప్పుడు, ఆబ్జెక్ట్ ఉంటే దాని సెట్టింగులు ఇచ్చినవాటితో సరిపోల్చుతుందని ఉండేది. తర్వాతి మాటల్లో, కొత్తది సృష్టించకుండా చడీచప్పుడు లేకుండా ఊరుకుంటుందని ఉంది. ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ (లేకపోతేనే సృష్టించు) విషయంలో పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు రెండూ ముందే చేతులు కడుక్కున్నాయి. ఉన్న టేబుల్ మీరు అడిగినదానిలా ఉంటుందని హామీ లేదని వాటి మాన్యువల్లలోనే ఉంది. హామీ లేదని చెప్పడం నిజాయితీ. కానీ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టుల్లో ప్రతి లైనుకీ ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ తగిలించి, ఇక మన స్కీమా భద్రం అనుకునేవాళ్లలో ఆ పేజీ చదివినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో దాన్ని ఎర్రర్ రాకుండా చేసే చిట్కాగా చెప్తారు, నేనూ అలాగే నేర్చుకున్నాను.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో ముచ్చట కూడా ఉంది. రెండు సెషన్లు ఒకే క్షణంలో ఒకే పేరుతో ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ కొడితే, ఒకదానికి ‘ఇప్పటికే ఉంది, వదిలేస్తున్నా’ అనే నోటీసుకి బదులు 23505 అనే ఎర్రర్ రావచ్చు, డేటాబేస్ సొంత జాబితా అయిన సిస్టమ్ కేటలాగ్‌లో, ఒకే పేరు రెండుసార్లు పడనివ్వని యూనిక్ ఇండెక్స్ ఢీకొందని. కిటికీలోంచి చూసి ఎక్కడమే ఇది కూడా. ఉందో లేదో ముందు చూస్తుంది, తర్వాత రాస్తుంది, ఆ మధ్య ఇంకొకడు దూరాడు. కాకపోతే చివరన యూనిక్ ఇండెక్స్ అనే కండక్టర్ నిలబడి ఉన్నాడు కాబట్టి ఇద్దరూ ఒకే సీట్లో కూర్చోరు. కాస్త మొరటుగా చెప్తాడంతే.

సరైన 17 వచ్చినా అన్నీ తేలిపోవు. నెట్‌వర్క్ అవతల నుంచి క్రియేట్ పంపావు, జవాబు రాకముందే టైమౌట్ అయింది, మళ్లీ పంపావు, 17 వచ్చింది. ఉన్నది ఎవరిది? ఇంకొకరిదా, నీ మొదటి ప్రయత్నమే ఫలించిందా? సీట్లో కర్చీఫ్ ఉంది, అది నాదేనా అని చూసుకోవాలంటే దాని అంచు మీద ఏదో గుర్తు ఉండాలి. అందుకే మేం ప్రతి క్రియేట్‌తో పాటు సృష్టించేవాడి ఐడీ ఒకటి మెటాడేటాలో రాస్తున్నాం. 17 వస్తే ఆ ఐడీ చదివి, మనదే అయితే ముందుకి పోవచ్చు.

టెస్టు ఇప్పుడు మూడు రకాలకీ 17 అంటోంది, చదివేవాళ్లు ఉన్నా లేకపోయినా. అనాథ ఫైల్ దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా పడలేదు. వైర్డ్‌టైగర్‌లాగే పేరు మార్చి పక్కన పెట్టేద్దాం అంటాను నేను. “బ్యాకప్ నుంచి ఎవరో కావాలనే తెచ్చి పెట్టిన ఫైల్ అయితే, అన్నా? పొద్దున లేచి చూస్తే వాళ్ల డేటా పేరు చివర ఒకటి అని ఉంటది, టేబుల్ ఖాళీగ ఉంటది” అంటాడు వాడు. నిన్న మధ్యాహ్నం బిర్యానీ దగ్గర మళ్లీ అదే మొదలైంది. ప్రస్తుతానికి ఆ లైను పైన వాడి కామెంటు, దాని కింద నా కామెంటు ఉన్నాయి, కోడ్ మాత్రం ఎర్రర్ ఇచ్చి ఆగుతోంది.